సర్టిఫికెట్ వచ్చాక డ్రోన్ పైలట్‌కు తోడెవరు? వ్యవసాయ శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వ్యవసాయ శాఖల ఉన్నతాధికారులకు, ఆచార్య ఎన్.జి. రంగా, ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలకు, రెండు రాష్ట్రాల సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) అధికారులకు, డ్రోన్ పైలట్ శిక్షణ సంస్థల నిర్వాహకులకు నమస్కారం.

చేల మీద డ్రోన్లు నడిపేవాళ్లం, వాటిని విప్పి బాగుచేసేవాళ్లం, కొత్తవాళ్లకు నేర్పేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరమిది. మేం అడిగేది ఒక్కటే. పైలట్ సర్టిఫికెట్ చేతికొచ్చాక మొదటి పంటకాలం మొత్తం ఆ పైలట్‌కు తోడు ఉండే ఏర్పాటు చేయండి. మనిషి తోడు, ఫోన్ తోడు, విడిభాగాల తోడు, మూడూ కావాలి. ఎందుకు కావాలో, ఎలా చేయొచ్చో వివరంగా రాస్తున్నాం.

2021 డ్రోన్ నియమాలు వచ్చాక ఈ రంగం బాగా తెరుచుకుంది. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండినవారు గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొందితే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. నమో డ్రోన్ దీదీ పథకం కింద దేశవ్యాప్తంగా 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని కేంద్రం తలపెట్టింది. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. సంఘ సభ్యురాలికి 15 రోజుల శిక్షణ ఉంది. ఇవన్నీ మంచివే, వీటిని తగ్గించమని మేం అనడం లేదు. ఆ 15 రోజుల్లో నేర్చుకోగలిగింది ఎంత, చేలో అవసరమయ్యేది ఎంత అన్నదే మా బాధ.

శిక్షణలో ప్రధానంగా నేర్పేది ఎగరేయడం. సిమ్యులేటర్ మీద కూర్చోబెడతారు, మైదానంలో చతురస్రాలు, ఎనిమిదులు తిప్పిస్తారు, గగనతల నియమాలు చెబుతారు. ఇవాళ్టి డ్రోన్‌లో ఎగరడం చాలావరకు యంత్రమే చూసుకుంటుంది. హద్దులు గీసి, ఎత్తు, వేగం, వరుసల మధ్య దూరం పెట్టేస్తే తనంతట తానే వెళ్లి వస్తుంది. మనిషి బుర్ర పెట్టాల్సింది ట్యాంకులో ఏం పోశాం, ఎంత పోశాం, అది ఆకు మీద ఎలా పడింది అన్నచోట. అక్కడే శిక్షణ పలచగా ఉంది.

మోతాదు లెక్కతో మొదలుపెడతాం. పైకి చిన్నదిగా కనబడినా కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మన రైతులకు మందు మోతాదు లీటరు లెక్కన నోటికొచ్చు. దుకాణంలో చెప్పేదీ అదే. వరి అగ్గి తెగులుకు ట్రైసైక్లజోల్ 75 శాతం పొడిమందు లీటరు నీటికి 0.6 గ్రాములు అంటారు. ఆ లెక్క ఎకరాకు 200 లీటర్ల నీళ్లు వాడే చేతి పంపుకు చెప్పింది. 200 లీటర్లకు 120 గ్రాములు, అంటే ఎకరాకు పడాల్సిన మందు 120 గ్రాములు. డ్రోన్ ట్యాంకు 10 లీటర్లు, ఎకరాకు ఒక ట్యాంకు. రైతు చెప్పిన లీటరు లెక్క పట్టుకుంటే పడేది 6 గ్రాములే. తెగులు తగ్గదు, ‘డ్రోన్‌తో కొడితే మందు పనిచేయదు’ అన్న మాట ఊరంతా పాకుతుంది. కొందరు దీనికి విరుగుడుగా ఉజ్జాయింపున రెండింతలు, మూడింతలు పోస్తారు. అదీ లెక్క కాదు. డ్రోన్‌కు మోతాదు ఎప్పుడూ ఎకరా లెక్కే: లేబుల్ మీద ఎకరాకో హెక్టారుకో రాసిన మందు ఎంతో అంతే, నీళ్లు మాత్రమే తగ్గుతాయి. హెక్టారుకు ఇచ్చి ఉంటే రెండున్నరతో భాగించాలి.

దీని రెండో కొస ఇంకా ముఖ్యం. మందు అంతే ఉండి నీళ్లు 200 నుంచి 10కి తగ్గాయంటే ద్రావణం 20 రెట్లు చిక్కన. చేతి మీద చిందినా, నాజిల్ మూసుకుంటే నోటితో ఊదినా లోపలికి పోయేదీ 20 రెట్లే. ఆ పాత అలవాటును మొదటి రోజే మాన్పించాలి. మందు కలిపే మనిషికి నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు, ఏప్రన్ తప్పనిసరి. గుడ్డ గ్లౌజులు మందును పీల్చి చర్మానికి అంటించి ఉంచుతాయి, వాటికన్నా ఉత్త చేతులు కడుక్కోవడమే నయం. డ్రోన్ వల్ల పైలట్ మందు మబ్బులో నడవక్కర్లేకుండా పోయింది, నిజమే. అయితే ఆ ప్రమాదం ఇప్పుడు బకెట్ దగ్గర కాచుకుని ఉంది.

రెండోది నాజిళ్ల కొలత. పుస్తకంలో ఒక పేరాలో అయిపోయే ఈ పనిని ఒక పూటంతా చేయించాలని మా కోరిక.

డ్రోన్ సెకనుకు 4 మీటర్ల వేగంతో, 4 మీటర్ల వెడల్పున కొడుతోంది అనుకుందాం. సెకనుకు 16 చదరపు మీటర్లు, నిమిషానికి 960 చదరపు మీటర్లు, అంటే దాదాపు 24 సెంట్లు. మలుపులు వదిలేస్తే ఎకరా కొట్టడానికి 4.2 నిమిషాలు. ఎకరాకు 10 లీటర్లు పడాలంటే నిమిషానికి 2.4 లీటర్లు బయటికి రావాలి. నాలుగు నాజిళ్లుంటే ఒక్కోటి 600 మిల్లీలీటర్లు, అర నిమిషానికి 300. ఇప్పుడు డ్రోన్‌ను బల్ల మీద పెట్టి, ప్రొపెల్లర్లు విప్పేసి, ట్యాంకులో మంచినీళ్లు పోసి, ఒక్కో నాజిల్ కింద ఒక్కో కొలత జగ్గు పెట్టి అర నిమిషం పంపు నడపాలి. మూడు జగ్గుల్లో 300, నాలుగో దాంట్లో 240 వచ్చిందంటే ఆ నాజిల్‌లో మడ్డి ఉంది, లేదా దాని వెనక ఫిల్టర్ మూసుకుంది, లేదా గొట్టం మడతపడింది. 360 వచ్చిందంటే నాజిల్ అరిగింది, లేదా ఎవరో వేరే సైజు బిగించారు. సగటుకు పది శాతం మించి తేడా ఉంటే కడగాలి, కడిగినా పోకపోతే మార్చాలి. నాజిల్ కన్నాన్ని సూదితో, పిన్నీసుతో పొడవకూడదు. కన్నం అంచు చెదిరితే నీటి విసనకర్ర ఆకారమే పోతుంది. పాత టూత్ బ్రష్, సబ్బునీళ్లు చాలు.

నాజిల్ రంగు కూడా లెక్కే. ఫ్లాట్ ఫ్యాన్ రకంలో 110015 సైజు ఆకుపచ్చ, 3 బార్ ఒత్తిడి దగ్గర నిమిషానికి సుమారు 590 మిల్లీలీటర్లు ఇస్తుంది. పై లెక్కకు సరిగ్గా సరిపోయేది అదే. 11002 పసుపుపచ్చ, అదే ఒత్తిడిలో సుమారు 790 ఇస్తుంది. ఒకటి పోయిందని దుకాణంలో దొరికిన పసుపు నాజిల్ బిగిస్తే ఆ పక్కన మూడో వంతు ఎక్కువ మందు పడుతుంది. కలుపుమందయితే వారం తిరిగేసరికి చేలో చారలు కనిపిస్తాయి. అప్పుడు రైతుకు సమాధానం చెప్పాల్సింది పైలటే.

బల్ల మీద సరిపోయినా చేలో సరిపోతుందని నమ్మకం లేదు. రైతు తొందరపెడుతున్నాడని పైలట్ వేగం పెంచినా, గాలి ఉందని తగ్గించినా, పంపు వేగాన్ని అనుసరించే అమరిక లేకపోతే మోతాదు మారిపోతుంది. 4 మీటర్ల వేగానికి కుదిర్చిన పంపుతో 3 మీటర్ల వేగంతో వెళ్తే ఎకరాకు 13 లీటర్లకు పైగా పడుతుంది, ట్యాంకు 75 సెంట్లకే ఖాళీ అవుతుంది. ట్యాంకు ఎన్ని సెంట్లకు అయిపోయిందో చూసుకోవడం చేలో చేయగలిగిన అన్నిటికన్నా తేలికైన తనిఖీ. ఫ్లో సెన్సర్‌ను నమ్ముకునేవాళ్లు నెలకోసారి ఐదు లీటర్లు కొలిచి పోసి, ఖాళీ చేసి, రిమోట్ తెర మీద ఐదే చూపిస్తోందా అని చూసుకోవాలి. పొడిమందు మడ్డి ఆ సెన్సర్ చక్రాన్ని పట్టేస్తే అది తక్కువ చూపిస్తుంది, పంపేమో ఎక్కువ కొట్టేస్తుంది.

వెడల్పు సంగతి తేల్చేది నీళ్ల కాగితం. పసుపురంగు కాగితం, నీటి చుక్క పడినచోట నీలంగా మారుతుంది. డ్రోన్ వెళ్లే దారికి అడ్డంగా 8 మీటర్ల పొడవున అర మీటరుకొకటి పరిచి, ఒక్కసారి పైనుంచి పోనిస్తే ఎక్కడిదాకా చుక్కలు బాగా పడ్డాయో, ఎక్కడ పలచబడ్డాయో కనబడుతుంది. చుక్కల దట్టం సగానికి తగ్గిన రెండు చివర్ల మధ్య దూరమే నిజమైన వెడల్పు. పురుగుమందుకు చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 30 చుక్కలు, ఆకు మీదే ఉండి పనిచేసే తెగులుమందుకు 50 నుంచి 70 పడాలి. కంపెనీ పుస్తకంలో 4 మీటర్లని ఉన్నా, ఎత్తు తగ్గించి, కొద్ది గాలిలో కొడితే 3.2కు పడిపోవచ్చు. అప్పుడు ప్రతి రెండు వరుసల మధ్యా 80 సెంటీమీటర్ల పట్టీ సరిపడా మందు లేకుండా మిగిలిపోతుంది. కాగితాలను పైరు పైన, మధ్యన, మొదట్లో మూడు చోట్ల క్లిప్పులతో పెట్టి చూడటం కూడా నేర్పాలి. వరి దోమపోటుకు కొట్టేటప్పుడు ఇది కళ్లు తెరిపిస్తుంది. దోమ ఉండేది దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన. పైకాగితం నీలం, కింది కాగితం పసుపు ఉందంటే రైతు డబ్బు ఆకుల మీదే ఆగిపోయిందన్నమాట. ఎత్తు మీటరున్నరకు దించి, వేగం తగ్గించి, నీళ్లు ఎకరాకు 12, 15 లీటర్లకు పెంచి మళ్లీ కాగితం చూడాలి. నాట్లప్పుడు రెండు మీటర్లకొక కాలిబాట తీయని దట్టమైన చేలో అప్పటికీ కిందికి దిగకపోతే, ఈ పని డ్రోన్‌తో కాదు అని చెప్పగలగాలి. మిరప పూలలో దాగే నల్ల తామర పురుగుల విషయంలోనూ ఇంతే.

కలపడంలో ఒక వరుస ఉంది. ముందు సగం నీళ్లు, తర్వాత పొడి, గుళిక రూపంలోని మందులు విడిగా బకెట్‌లో కొద్ది నీటితో జావలా కలిపి పోయాలి, ఆ తర్వాత చిక్కటి ద్రవ రూపాలు, తర్వాత పాలలా మారే ఈసీ మందులు, చివరన నీటిలో పూర్తిగా కరిగేవి, జిగురు. 200 లీటర్లలో ఏ వరుసలో పోసినా చెల్లిపోయిన రెండు మందులు 10 లీటర్లలో పెరుగులా విరిగిపోవచ్చు. ఒకటికి మించి మందులు కలిపేముందు లీటరు సీసాలో అదే పాళ్లలో కలిపి అరగంట పక్కన పెట్టాలి. అడుగున మడ్డి, పైన తెట్టు, సీసా వేడెక్కడం, వీటిలో ఏది కనబడినా ట్యాంకులో పోయకూడదు. బోరునీళ్ల ఉదజని సూచిక (పీహెచ్) 8 దాటితే కొన్ని మందులు, ముఖ్యంగా ఆర్గానోఫాస్ఫేట్ రకాలు, త్వరగా విరిగిపోతాయి. డ్రోన్ దీదీ పథకం కిట్‌లో పీహెచ్ మీటర్, గాలివేగం కొలిచే ఎనిమోమీటర్ ఇస్తున్నారు. వాటిని పెట్టెలోంచి తీసి ఎప్పుడు వాడాలో, ఎంత చూపిస్తే ఏం చేయాలో చూపించే మనిషే కావాలి.

కలుపుమందు కొట్టిన ట్యాంకు మాట మరీ గట్టిగా చెప్పాలి. 2,4-డి పత్తికి ఎంత పడదంటే, వరిలో కొట్టి మామూలుగా కడిగిన ట్యాంకులో మిగిలిన కాస్తతో కూడా పత్తి ఆకులు వేళ్లలా ముడుచుకుపోతాయి. ట్యాంకు, గొట్టాలు, ఫిల్టర్లు, నాజిళ్లు అన్నీ మూడుసార్లు కడగాలి, అందులో ఒకసారి అమ్మోనియా కలిపిన నీటిని గొట్టాల్లో కొన్ని గంటలు నిలవ ఉంచాలి. మా అనుభవంలో దీనికన్నా మేలు, కలుపుమందుకు వేరే ట్యాంకు, గొట్టాలు పెట్టుకోవడం. ఆ ఖర్చు ఒక్క పత్తి చేను పరిహారానికి ఏమూలకూ రాదు.

గాలి, పక్క చేను, పక్క చెరువు. ఇవి మన ప్రాంతానికే ప్రత్యేకమైన పాఠాలు, ఎక్కడో రాసిన పుస్తకంలో దొరకవు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరిమడి గట్టు అవతలే రొయ్యల చెరువు ఉంటుంది. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటి సింథటిక్ పైరెత్రాయిడ్లు చేపకు, రొయ్యకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు మల్బరీ తోటలుంటాయి, ఆకు మీద కంటికి కనిపించనంత మందు పడినా పట్టుపురుగుల బ్యాచ్ మొత్తం పోతుంది. గాలి అటు వీస్తుంటే కొట్టకూడదు, అంతే. గాలి పక్కకున్నా ఆ వైపు గట్టు పొడవునా ఒక పట్టీ వదిలేసి తర్వాత చేతి పంపుతో పూర్తిచేయాలి. లేబుల్ ఇంకా ఎక్కువ దూరం అడిగితే అదే పాటించాలి.

ఒక మెలిక ఉంది. కొత్తవాళ్లు గాలి అసలు లేని వేళ మంచిదనుకుంటారు. తెల్లవారుజామున నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి పొర నిలిచినప్పుడు సన్నటి చుక్కలు కిందికి దిగవు, పైకి పోవు. మబ్బులా పక్కకు పాకి ఎటు పల్లముంటే అటు పోతాయి. దీన్ని కనిపెట్టడానికి పరికరం అక్కర్లేదు. గట్టు మీద కాస్త పచ్చి గడ్డి పొగబెడితే చాలు. పొగ పైకి లేచి చెదిరిపోతే కొట్టొచ్చు. నడుము ఎత్తున అలాగే పరుచుకుని ఉంటే ఎండ పొడిచేదాకా ఆగాలి. గంటకు రెండు మూడు కిలోమీటర్ల నిలకడైన గాలి, అసలు లేని గాలికన్నా నయం. పది దాటితే ఆపేయాలి. ఎండ 35 డిగ్రీలు దాటినా ఆపాలి, సన్నచుక్క ఆకును చేరేలోపే ఆవిరైపోతుంది.

బ్యాటరీల సంగతికొస్తే, డ్రోన్ నడిపే ఖర్చులో పెద్దది ఇదే, తొందరగా పాడయ్యేదీ ఇదే. 12 సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ సెట్టు నిండుగా 50.4 వోల్టులు. ట్యాంకు బరువుతో ఎగిరేటప్పుడు సెల్‌కు 3.5 వోల్టుల కిందికి దించకూడదు. దిగిన వెంటనే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నదాన్ని ఛార్జర్‌కు తగిలిస్తే త్వరలోనే ఉబ్బుతుంది. నీడలో ఇరవై నిమిషాలైనా చల్లారనివ్వాలి. సీజన్ అయిపోయాక నిండుగా ఛార్జ్ చేసి బీరువాలో పెట్టడం కొత్త సంఘాల్లో చాలా మామూలు. ‘మళ్లీ వానకాలానికి సిద్ధంగా ఉంటుంది కదా’ అనుకుంటారు. జూన్‌లో తీసేసరికి ప్యాకెట్లు ఉబ్బి ఉంటాయి. నిల్వకు సెల్‌కు 3.8 నుంచి 3.85 వోల్టులు, అంటే 12 సెల్స్ సెట్టుకు సుమారు 46 వోల్టులు ఉండాలి, నెలకోసారి చూడాలి. సెల్స్ మధ్య తేడా 0.1 వోల్టు దాటితే దాన్ని ఇక ట్యాంకు బరువుతో ఎగరేయకూడదు. ఛార్జింగ్ వంటింట్లో కాదు, వరండాలో ఇటుకల మీద, పక్కన ఇసుక బకెట్‌తో, మనిషి చూస్తుండగా జరగాలి. 22 ఆంపియర్ అవర్ సెట్టు ఒకసారి నిండటానికి సుమారు ఒక యూనిట్ కరెంటు పడుతుంది. రెండు సెట్లు అరగంటలో నింపాలంటే ఛార్జర్‌కు నాలుగు కిలోవాట్లు దాటుతుంది. ఇంటి ప్లగ్గు దానికి తట్టుకోదు, చిన్న జనరేటర్ కూడా తట్టుకోదు. కనెక్టర్ పిన్నులు నల్లబడి గుంటలు పడితే అక్కడే వేడి పుట్టి గాలిలో కరెంటు తెగుతుంది. వారానికోసారి చూసుకుంటే తప్పిపోయే ప్రమాదం ఇది.

మేం చూసినంతలో డ్రోన్లు కూలిపోవడాల్లో చాలావరకు తీగల వల్లే. బోరు మోటార్లకు లాగిన సన్నటి కరెంటు తీగలు, స్తంభాల స్టే వైర్లు రాడార్‌కు అందవు. ఉదయం ఎండ ఎదురుగా ఉంటే కంటికీ కనబడవు. హద్దులు గీసేముందు చేను చుట్టూ నడిచి స్తంభం నుంచి స్తంభానికి తీగ ఎటు పోతోందో చూడటం, డ్రోన్ బయల్దేరిన చోటికి తిరిగొచ్చే ఎత్తును అక్కడి అతి ఎత్తైన తాటిచెట్టుకన్నా ఐదు మీటర్లు పైన పెట్టడం అలవాటు చేయాలి. మందు అయిపోగానే డ్రోన్ అడ్డదారిన తిరిగొస్తుంది, ఆ దారిలోనే చెట్లుంటాయి. ఆర్‌టీకే బేస్ (డ్రోన్ స్థానాన్ని సెంటీమీటర్లలో సరిచూసే, నేల మీద నిలిపే పరికరం) వాడేవాళ్లకు ఇంకొకటి: రెండో రోజు బేస్‌ను వేరేచోట పెట్టి, దాని స్థానాన్ని అదే లెక్కేసుకోనిస్తే నిన్న దాచిన హద్దులన్నీ మీటరు, రెండు మీటర్లు జరిగిపోతాయి. గట్టు రాయి మీద రంగు గుర్తు పెట్టి, ప్రతిసారీ అక్కడే నిలిపి, మొదటి రోజు అంకెలే ఇవ్వాలి.

ఈ గోడు డ్రోన్లవాళ్లదే కాదు. డ్రిప్ ఆటోమేషన్, నేల తేమ సెన్సర్లు, చేలో పెట్టే వాతావరణ కేంద్రాలు బిగించే కుర్రాళ్ల పరిస్థితీ ఇదే. తేమ సెన్సర్‌ను గుంటలో పెట్టి పొడిమట్టి కప్పేస్తే చుట్టూ గాలి చేరి నీళ్లున్నా ఎండినట్టు చూపిస్తుంది, మోటారు ఆగకుండా నడుస్తుంది. అదే మట్టిని బురదలా చేసి సెన్సర్‌కు పట్టించి, 15, 30 సెంటీమీటర్ల లోతుల్లో రెండు పెడితే సరిపోతుంది. ఈ సంగతి ఒకరికి తెలిసి పక్క మండలంలో వంద చోట్ల తెలియకపోవడమే మా ఫిర్యాదు.

పైన రాసినవాటిలో రహస్యమంటూ ఏదీ లేదు, అన్నీ ఎవరో ఒకరికి తెలిసినవే. అయినా ప్రతి కొత్త పైలట్ మొదటినుంచీ తన సొంత నష్టంతో నేర్చుకోవాల్సి వస్తోంది. దానికి మాకు కనబడే పెద్ద కారణం భయం. డ్రోన్ కూలిందని చెబితే బీమా రాదేమో, వారంటీ పోతుందేమో, సంఘంలో మాటొస్తుందేమో, సబ్సిడీ ఇచ్చిన ఆఫీసు సంజాయిషీ అడుగుతుందేమో అని దాచేస్తారు. మహిళా పైలట్ల మీద ఈ ఒత్తిడి ఇంకా ఎక్కువ. ఒక్కసారి కూలితే ‘ముందే చెప్పాం కదా’ అనేవాళ్లు సిద్ధంగా ఉంటారు. దాచిన ప్రతి ప్రమాదం మరో ఊళ్లో మళ్లీ జరుగుతుంది.

అందుకే మా మొదటి కోరిక, పేరు అడగని లోపాల చిట్టా. ప్రతి జిల్లాకు ఒకటి, తెలుగులో, ఫోన్‌లో నింపేలా ఎనిమిది ప్రశ్నలు: ఏ మోడల్, ఏ పంట, ఏ మందు ఏ రూపంలో, గాలి ఎంత, బ్యాటరీ అప్పటికి ఎన్నిసార్లు ఛార్జయింది, ఏం జరిగింది, ఏ భాగం పోయింది, ఎలా బాగయింది. పైలట్ పేరు, ఊరు పేరు అక్కర్లేదు. దాన్ని శిక్షకు గానీ, బీమా తిరస్కరణకు గానీ వాడబోమని శాఖ రాతపూర్వకంగా చెప్పాలి. వారానికోసారి ఒక అనుభవజ్ఞుడు చదివి, మళ్లీ మళ్లీ వస్తున్న లోపం ఏదో, దాని విరుగుడు ఏదో ఒక పేజీలో అందరికీ పంపాలి. తెలంగాణలో రైతు వేదికల్లో, ఆంధ్రలో రైతు సేవా కేంద్రాల్లో అది గోడకు అంటించినా చాలు.

రెండోది, మొదటి సీజన్ తోడు. సర్టిఫికెట్ వచ్చిన పదిహేను రోజుల్లోపు దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో మూడు రోజుల శిబిరం పెట్టండి. మొదటి రోజు డ్రోన్ గాలిలోకి లేవకూడదు. జగ్గులు, నాజిళ్లు, మోతాదు లెక్కలు, సీసా పరీక్షతోనే గడవాలి. రెండో రోజు మంచినీళ్లతో, కాగితాలతో చేలో. మూడో రోజు బ్యాటరీలు, పంపు విప్పడం, ప్రొపెల్లర్ల సన్నటి పగుళ్లు గోటితో తడిమి చూడటం, ఫ్లైట్ లాగ్ (డ్రోన్ ఎగిరిన వివరాల చిట్టా) దించుకుని చదవడం. ఆపైన మొదటి పది ఎకరాలు మంచినీళ్లతో, తర్వాతి నలభై ఎకరాలు అనుభవమున్న పైలట్ గట్టు మీద ఉండగా కొట్టించాలి. శిక్షణ సంస్థకు ఇచ్చే ఫీజులో కొంత భాగం ఈ యాభై ఎకరాలు పూర్తయ్యాకే విడుదల చేస్తే సంస్థలకూ శ్రద్ధ వస్తుంది.

మూడోది, తోటి పైలట్ల వ్యవస్థ. పన్నెండు, పదిహేను మంది పైలట్లకు ఒక సీనియర్ చొప్పున, ముప్పై కిలోమీటర్ల లోపు ఉండేలా ఎంచండి. మందు కొట్టే వేళల్లో, ఉదయం ఐదున్నర నుంచి పదిన్నర, సాయంత్రం మూడున్నర నుంచి ఆరున్నర దాకా, ఆ సీనియర్ ఫోన్ ఎత్తాలి. ఆ పనికి గౌరవ వేతనం ఇవ్వాలి, ఇది ముఖ్యం. ఎకరాకు 300, 500 రూపాయలకు తన చేనుల్లో పనిచేసుకునే మనిషి అది వదిలేసి ఇంకొకరి చేలోకి ఉచితంగా ఎన్నాళ్లు వెళ్తారు? సీనియర్లలో సగం మందైనా మహిళలుండాలి. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి ‘అక్కా, పంపు తిరుగుతోంది కానీ నీళ్లు రావట్లేదు’ అని అడగడానికి మొహమాటం ఉండకూడదు. (పంపులో గాలి పట్టి ఉంటుంది. మూత వదులు చేసి, ఒక నాజిల్ విప్పి, నీళ్లు ధారగా వచ్చేదాకా నడిపితే పోతుంది.) ఆ సీనియర్ దగ్గరే ఒక విడిభాగాల పెట్టె ఉంచాలి: కుడికి తిరిగేవి, ఎడమకు తిరిగేవి ప్రొపెల్లర్లు రెండేసి జతలు, నాజిళ్లు, ఫిల్టర్లు, ఓ-రింగులు, ఒక పంపు, ఒక ఫ్లో సెన్సర్, ఒక ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే సర్క్యూట్), కనెక్టర్లు, స్క్రూ జిగురు. వాడినదానికి డబ్బు కట్టి మళ్లీ నింపుకోవాలి. మొగి పురుగు రెక్కల పురుగులు ఎగురుతున్న వారంలో ఒక చిన్న రబ్బరు రింగు కోసం డ్రోన్ పది రోజులు మూలన పడితే సంఘం ఆ సీజన్ ఆదాయమే పోగొట్టుకుంటుంది.

నాలుగోది, కొట్టను అని చెప్పే హక్కు. మిట్టమధ్యాహ్నం, ఈదురుగాలిలో, చెరువు పక్కన కొట్టమని ఊరి పెద్ద ఒత్తిడి చేస్తే కొత్త పైలట్, అందులోనూ అదే ఊరి కోడలు, కాదనలేదు. శాఖ ముద్రతో ఒక కార్డు ఇవ్వండి. ఏ గాలిలో, ఏ ఎండలో, దేనికి ఎంత దూరంలో కొట్టకూడదో పెద్ద అక్షరాల్లో ఉండాలి. తెలంగాణలో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి), ఆంధ్రలో గ్రామ వ్యవసాయ సహాయకుడు ఆ కార్డు వెనక నిలబడాలి. ఆ కార్డు ప్రకారం పని ఆపిన పైలట్ మీద ఫిర్యాదు తీసుకోకూడదు.

చివరగా, 2022 ఏప్రిల్‌లో 477 మందులను డ్రోన్‌తో వాడటానికి కేంద్రం రెండేళ్ల తాత్కాలిక అనుమతి ఇచ్చింది. 2023లో వరి, పత్తి, మొక్కజొన్న, వేరుశనగ వంటి పంటలకు పంటవారీ విధివిధానాలు వెలువరించింది. ఈ రోజుకు ఏ మందుకు అనుమతి ఉందో, ఎకరాకు ఎంతో, ఎంత నీటిలోనో, ఎంత ఎత్తు నుంచో తెలుగులో ఒకే పట్టికగా విశ్వవిద్యాలయాలు ప్రతి సీజన్‌కు ముందు విడుదల చేయాలి. దుకాణదారులకూ అదే ఇవ్వాలి. సీసా అమ్మేటప్పుడే ‘డ్రోన్‌కా, చేతి పంపుకా’ అని అడిగి ఎకరా మోతాదు చెబితే, మేం పైన రాసిన మొదటి చిక్కు చేను దాకా రాదు.

వానకాలం నారుమళ్లకు ముందే, మే నెలలో, ఆంధ్రలో రెండు జిల్లాల్లో, తెలంగాణలో రెండు జిల్లాల్లో ఇది మొదలుపెట్టమని కోరుతున్నాం. ఏ కృషి విజ్ఞాన కేంద్రం చోటిచ్చినా కొలత జగ్గులు, నీళ్ల కాగితాలు, విప్పి చూపించడానికి చెడిపోయిన పంపులు, మోటార్లు, ఉబ్బిన బ్యాటరీల ఫొటోలు మేం తెస్తాం. మొదటి మూడు శిబిరాలకు నేర్పే మనుషులు కూడా మాలోంచే వస్తారు.

ఇట్లు,
రెండు తెలుగు రాష్ట్రాల్లో వ్యవసాయ డ్రోన్లు నడిపే, బాగుచేసే, నేర్పే పనివాళ్లం